గేటు ముందు లేని కుండీ

ఆ ఆదివారం ఉమామహేశ్వర్ గారు పెట్టుకున్న పని చాలా చిన్నది. వీధి చివరికి వెళ్లి, కొత్త చెత్తకుండీ ఎక్కడ వస్తుందో కాలనీవాళ్లకు ఫోన్‌లో చూపించాలి. అందరిచేతా సరేననిపించి సంతకాలు తీసుకోవాలి. పెసరట్టు చల్లారకముందే ఇంటికి రావాలి. ఆయన భూకంపాల మీద ముప్పై రెండేళ్లు పరిశోధన చేసి రిటైరైన శాస్త్రవేత్త, నాచారంలోని ఆ కాలనీ సంఘానికి కార్యదర్శి. భూమి ఎప్పుడు కదులుతుందో చెప్పలేకపోయినా కుండీ ఎక్కడ ఉండాలో చెప్పగలనని ఆయన ధీమా.

కుండీ కోసం సంఘం అప్పటికే మున్సిపల్ ఆఫీసుకు ఐదు అర్జీలు పెట్టింది. ఒక్కదానికీ జవాబు లేదు. స్థలం మీద ఎవరికీ అభ్యంతరం లేదని సంతకాలు జతచేస్తే ఆరోది కదలవచ్చని ఎవరో సలహా ఇచ్చారు. స్థలం వీధి చివర ప్రహరీగోడ మూల. నలుగురూ చూస్తారు కదా అని ఆయన ముందురోజే ఆ గోడ మీది పోస్టర్లన్నీ చింపించి, తెల్లగా సున్నం కొట్టించారు.

లేని వస్తువును కూడా కెమెరాలో అక్కడే ఉన్నట్టు చూపించే యాప్ ఒకటి ఫోన్‌లో పెట్టింది కూతురు సిరి. ఉప్పల్‌లో ఒక కంపెనీలో అలాంటివే తయారుచేస్తుంది.

"నాన్నా, ఫోన్ మనలా గోడను చూసి గోడ అనుకోదు. కెమెరాలో కనబడే మచ్చలు, పగుళ్లు, అంచులు గుర్తుపెట్టుకుంటుంది. చెయ్యి ఎటు కదిలిందో లోపలి సెన్సర్లు చెప్తాయి. ఆ రెండూ కలిపి తనెక్కడుందో లెక్కేసుకుని, కుండీ బొమ్మను ఆ గుర్తులకి కట్టేస్తుంది. గుర్తులు దొరక్కపోతే మాత్రం..."

"తెలుసులేమ్మా, నేనూ ఫిజిక్సే చదివాను" అని ఆయన మిగతాది వినలేదు.

మూలకు ఆనుకుని ఉన్న ఇల్లు బాలనర్సింహది. కాలనీ రాకముందు అదంతా వాళ్ల జొన్నచేను. పదేళ్లుగా ఇతరుల పెళ్లిళ్లకు వంటచేసిన అతని భార్య కృష్ణమ్మ, ముందుగదిలో ఆ రోజే పదకొండింటికి సొంతంగా కర్రీ పాయింట్ తెరుస్తోంది. తెల్లవారకముందే వీధంతా కడిగి, గేటు ముందు పెద్ద ముగ్గు వేసింది.

ఉమామహేశ్వర్ గారు ఫోన్ ఎత్తారు. తెల్లగోడ మీద ఒక్క మచ్చ లేదు. తడినేల అద్దంలా మెరుస్తోంది. పట్టుకోవడానికి ఏమీ దొరక్క తిరిగిన ఫోన్‌కు చివరికి కృష్ణమ్మ ముగ్గు కనిపించింది. చుక్కలు, గీతలు, మెలికలు, కావలసినన్ని గుర్తులు! పచ్చటి చెత్తకుండీ హాయిగా వెళ్లి ముగ్గు మధ్యలో కూర్చుంది.

బాలనర్సింహ ఆయన భుజం మీదుగా తొంగిచూశాడు. "సారూ, గిదేంది? నా గేటు ముంగట పెట్టినవ్?"

"పెట్టలేదండీ. అక్కడ కుండీ లేదు."

"లేకుంటె ఎట్ల కనవడ్తది? దాని నీడ గూడ వడ్డది సూడు!"

"ఆ నీడ కూడా లేదండీ."

"మరి నేనున్ననా సారూ?"

కృష్ణమ్మ గరిటెతో బయటికి వచ్చింది. "నా దుకాణం పోస్టర్లు చింపిచ్చినవ్, ఊకున్న. ఇప్పుడు తినేకాడ సెత్త డబ్బ పెడ్తవా? పదేండ్ల సంది కలలు గన్న సారూ దీనికోసం."

ఆయన కంగారుగా తెరమీద వేలితో కుండీని పక్కకు నెట్టారు. అది గాలిలోకి లేచి బాలనర్సింహ భుజం మీద వాలింది. అతను గబుక్కున భుజం దులుపుకున్నాడు. మళ్లీ నెడితే మళ్లీ ముగ్గులోకే వచ్చింది. తప్పెక్కడుందో చూడమని ఆయన ఒక ఫొటో తీసి, "ఇక్కడికి వచ్చేసింది, చూడు" అని రాసి సిరికి పంపారు. తొందరలో అది కాలనీ వాట్సాప్ గ్రూపుకు వెళ్లింది.

అరగంటలో మూడు వీధులవాళ్లు చెత్తసంచులతో దిగారు. కుండీ లేదు. గ్రూపులోని ఫొటో తెరిచి పోల్చిచూశారు. ముగ్గు అదే, గేటు అదే. "కడగనీకి తీస్కపోయిన్రేమో" అనుకుని, ఫొటోలో కుండీ ఉన్నచోట సరిగ్గా సంచులు పెట్టి వెళ్లారు. ఉమామహేశ్వర్ గారు గ్రూపులో ఫొటో చెరిపేశారు. సంచులు చెరగలేదు. పదకొండింటికి తొలి గిరాకీలు మలుపుదాకా వచ్చి, ముక్కు మూసుకుని తిరిగిపోయారు. లోపల వేడివేడి గోంగూర మటన్ ముందు కృష్ణమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటుంటే ఆయనకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"ఇక్కడ కుండీ లేదు! ఎప్పుడూ లేదు!" అని రోడ్డు మీద నిలబడి అరిచారు.

"పొద్దుగాల ఫొటోల ఉన్నది, ఇప్పుడు లేదంటె ఎవడో ఎత్కపోయిండన్నట్టే" అంది ఎదురింటి లక్ష్మీనర్సమ్మ. అన్నదే తడవుగా, తన ఫోన్‌లో దాచుకున్న ఫొటో జతచేసి, కుండీ దొంగతనం జరిగిందని మున్సిపల్ యాప్‌లో ఫిర్యాదు పెట్టేసింది.

లేని కుండీ ఇమ్మంటే ఐదుసార్లూ పలకనివాళ్లు, ఉన్న కుండీ పోయిందనగానే ఉలిక్కిపడ్డారు. పన్నెండున్నరకు లారీలో నిజం కుండీ దిగింది.

"ఫొటోల ఏడున్నదో ఆడనే పెట్టాలె. పైనుంచి ఆర్డరు" అన్నాడు డ్రైవర్ మహిపాల్. కృష్ణమ్మ వెళ్లి సంచుల మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "పెట్టు బిడ్డా, నా నెత్తిమీద పెట్టు."

నిజం చెబితే కుండీ వెనక్కి పోతుంది. చెప్పకపోతే కృష్ణమ్మ దుకాణం పోతుంది. ఉమామహేశ్వర్ గారు పక్కకు వెళ్లి సిరికి ఫోన్ చేసి, ఈసారి చివరిదాకా విన్నారు.

"గోడమీద అక్షరాలో బొమ్మలో ఉండాలి నాన్నా. ఏదో ఒకటి అంటించు."

ఆయన కృష్ణమ్మ దగ్గరికి వచ్చి నేల చూస్తూ అడిగారు. "మీ పోస్టర్లు ఇంకా ఉన్నాయాండీ?"

"యాభై ఉన్నయ్. అవ్వి గూడ చింపుతవా?"

"అంటిస్తాను."

కృష్ణమ్మ గంజి ఇచ్చింది. బాలనర్సింహ పట్టుకుంటే ఆయన పూశారు. మసాలా వంకాయ, నాటుకోడి, పచ్చిపులుసు గోడ నిండా పరుచుకున్నాయి. ఫోన్ ఎత్తగానే కుండీ బొమ్మ ఈసారి మూలకు వెళ్లి, కుదురుగా నిలబడింది. ఆయన ఫొటో తీసి, జీవితంలో మొదటిసారి ఒక ప్రభుత్వ వ్యవహారంలో అబద్ధమాడారు.

"ఇదిగోనయ్యా, అసలు ఫొటో. కుండీ ఉండాల్సింది ఆ మూల."

మహిపాల్ తడి ఆరని పోస్టర్లను పట్టించుకోలేదు. ఫొటోను దగ్గరగా పెట్టుకుని చూశాడు. "నీడ గూడ మంచిగున్నది. గిదే కరెక్టు" అని కుండీని మూలకు దింపి, రెండో ఫొటో కూడా ఫైలుకు ఎక్కించుకుని వెళ్లిపోయాడు. సంచులన్నీ ఉమామహేశ్వర్ గారే మోశారు. చెత్త వేయడానికి వచ్చిన ప్రతివాడూ ఎదురుగా పోస్టర్లు చదివాడు. రెండింటికల్లా కృష్ణమ్మ గిన్నెలు ఖాళీ అయ్యాయి. ఆఖరి గరిటె మటన్ ఆయన టిఫిన్ డబ్బాలో పడింది.

పది రోజులకు సంఘానికి మున్సిపల్ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. రికార్డులోని రెండు ఫొటోల ప్రకారం మీ కాలనీలో రెండుచోట్ల రెండు కుండీలు ఉండవలెను, తనిఖీలో ఒక్కటే కనిపించినది, రెండవది ఏమైనదో వారంలోగా తెలుపగలరు అని దాని సారాంశం.

ఉమామహేశ్వర్ గారు జరిగినదంతా నాలుగు పేజీల్లో వివరంగా రాసి పంపారు. అందులో ఒక్క అబద్ధమైనా లేకపోవడంతో, ఆఫీసులో ఎవరూ నమ్మలేదు.