ఈశాన్యం ఎక్కని నీళ్లు

‘సెలయేటి వనం ఫేజ్ టూ’లో కదిరప్ప ఇంట్లోకి చేపలు వచ్చాయని పక్క ప్లాటు పాపక్క చెప్పింది. ఆమె చూడలేదు. పాలు పోసే ఆమె చెప్పిందట. పాలు పోసే ఆమెకు స్వయంగా చూసినవాళ్ల బంధువులు చెప్పారట. పుంగనూరు శివార్లలో పుట్టిన ఆ మాట సాయంత్రానికి పలమనేరు చేరింది. చేరేసరికి చేపలన్నీ కలిసి ఒక మొసలి అయ్యాయి. విచారించగా తేలిందేమంటే, వచ్చినవి కప్పలు. అవి కూడా ఎక్కడినుంచో వచ్చినవి కావు, అక్కడే పుట్టి పెరిగినవి. మధ్యలో వచ్చినవాడు కదిరప్పే.

కదిరప్ప ముప్పై ఏళ్లు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. మదనపల్లెలో ఉన్న పాతిల్లు అమ్మేసి, ఈ వెంచర్‌లో నైరుతి మూల ప్లాటు కొని ఇల్లు కట్టాడు. యజమాని నైరుతిలో ఉంటే ఇక తిరుగుండదని సిద్ధాంతి చెప్పాడు. వెంచర్ మొత్తానికి పల్లం కూడా ఆ మూలేనన్న విషయం సిద్ధాంతిగారి పరిధిలోకి రాదు.

ప్రకృతిని కాపాడటంలో ఈ వెంచర్‌ను మించింది లేదు. కానుగ చెట్లకు నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసి, బ్రోచరులో భద్రపరిచి, ఆ తర్వాతే కొట్టేశారు. పెద్ద రాతిగుండు సహజంగా కనిపించడం లేదని దానికి ఆకుపచ్చ రంగు వేశారు. ఇక వానాకాలంలో పారే వంకను ఎవరూ పాడు చేయకుండా నాలుగు వందల ట్రాక్టర్ల మట్టి కింద జాగ్రత్తగా దాచారు. పైన కొంతమేర ప్లాట్లు వేసి, మిగిలిన చోట వాకింగ్ ట్రాక్ పరిచి, ‘ఇది మన సెలయేరు, చెత్త వేయరాదు’ అని బోర్డు నాటారు. ఫేజ్ వన్ ఎక్కడుందని ఇంతవరకు ఎవరూ అడగలేదు. అడగడం మర్యాద కాదు.

మురుగు కాలువ కోసం సంక్షేమ సంఘం సమావేశమైంది. కొత్తగా చదువు ముగించి వచ్చిన ఇంజనీరు గౌతమ్ లేచి, “వాలు నైరుతికి ఉండాది సార్, కాలువ అటే తీయాల” అన్నాడు. సభ నివ్వెరపోయింది. సంఘం అధ్యక్షుడు, సిమెంటు కొట్టు లక్ష్మీపతి మైకు అందుకున్నాడు.

“నీళ్లు నైరుతికి పోతే ఇంట్లో లచ్చిమి నిలుస్తాదా? ఇంజనీరప్పా, నీ చదువు నాలుగేండ్లది. ఈశాన్యం నిన్న మొన్న పుట్టింది కాదు. మన కాలనీ నీళ్లు ఈశాన్యానికే పోతాయి. పోయి తీరాల!”

చప్పట్లు మోగాయి. అందరికంటే ముందు చెయ్యెత్తింది కదిరప్ప. ‘మురుగునీరు ఇకమీదట ఈశాన్య దిశగా ప్రవహించవలెనని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది.’ తీర్మానం నకళ్లు అందరికీ అందాయి, నీళ్లకు తప్ప.

కాలువ అద్భుతంగా వచ్చింది. ఈశాన్యానికి పోయేకొద్దీ ఎత్తు పెరుగుతూ పోయింది కాబట్టి పిల్లలకు జారుడుబండ లేని లోటు కూడా తీరింది. ప్రారంభోత్సవం నాడు లక్ష్మీపతి కొబ్బరికాయ కొట్టి బిందెడు నీళ్లు పోశాడు. నీళ్లు ఒక్క క్షణం ఆలోచించి, వెనక్కి తిరిగి ఆయన బూట్లలోకి వచ్చాయి. గంగమ్మ అధ్యక్షులవారిని ఆశీర్వదించిందని సిద్ధాంతి వివరించాడు. బూట్లు తడిసినా లక్ష్మీపతి పులకించాడు.

నవంబరులో తుఫాను పట్టింది. కాలనీ నీళ్లన్నీ తీర్మానాన్ని ధిక్కరించి, కదిరప్ప గేటు ముందు క్యూ కట్టాయి. “ముందుకు జరగండి, ముందుకు జరగండి!” అని కదిరప్ప అలవాటు కొద్దీ కేక వేశాడు. జరిగాయి, వంటింట్లోకి. గ్యాసు బండ ఈదుకుంటూ హాల్లోకి వచ్చింది. భార్య కౌసల్య మంచమెక్కి కూర్చుంది.

“ఈశాన్యానికి మొట్టమొదట చెయ్యెత్తిన మారాజువి నువ్వే గదా! ఇప్పుడు రెండు చేతులూ ఎత్తు. ఎవురన్నా సూసి బయటికి లాగుతారు.”

వాన తెరిపిచ్చాక చూస్తే వెనక గోడ నిలువునా నెర్రె విచ్చింది. ఇంకొక్క వాన పడితే ఇల్లు నిలవదని గౌతమ్ తేల్చాడు. మదనపల్లె ఇంట్లో ఇప్పుడు వేరేవాళ్లు ఉన్నారు. మొగుడూ పెళ్లాలకు తలదాచుకోను వేరే చోటు లేదు.

అత్యవసర సమావేశం జరిగింది. వంక తమ కాలనీని దౌర్జన్యంగా ఆక్రమించిందని పై అధికారులకు అర్జీ పెట్టాలని మొదటి తీర్మానం. ఈలోగా గౌతమ్ పాత పటం తెచ్చి, వంక దారి పొడుగునా ముగ్గుపిండి పోశాడు. ఆ గీత లక్ష్మీపతి పోర్టికోలో మొదలై, పదకొండు కార్ల షెడ్లు దాటి, వాకింగ్ ట్రాక్ మీదుగా నడిచి, కదిరప్ప వంటింట్లో తేలింది. ఆ దారి తవ్వి వదిలితే చాలన్నాడు.

“నా వంటిల్లు కొట్టేయండప్పా. మిగిలిన ఇల్లు నిలబడితే సాలు,” అన్నాడు కదిరప్ప.

అతని త్యాగాన్ని అందరూ వేనోళ్ల కొనియాడారు. శాలువా కప్పారు. తవ్వకం మాత్రం అక్కడే మొదలై అక్కడే ముగియాలన్నారు. పోర్టికో కదిలిస్తే వాస్తు చెడుతుందని లక్ష్మీపతి గద్గదంగా ప్రసంగించాడు. షెడ్ల యజమానులు ప్రకృతిని ప్రాణమిచ్చి కాపాడతామన్నారు. షెడ్డు ఇస్తామని ఒక్కరూ అనలేదు.

తప్పెవరిదో తేల్చవలసి వచ్చింది. అందరి కళ్లూ కాలనీ గేటు వైపు తిరిగాయి. అక్కడ స్టూలు మీద మారప్ప కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు ఈ నేలలో చెనక్కాయలు పండించి, ఆ నేలనే అమ్ముకుని, ఇప్పుడు ఇక్కడే వాచ్‌మన్‌గా ఉన్నవాడు.

భుజాన శాలువాతో కదిరప్పే ముందు అడిగాడు. “మారప్పా, ఈడ వంక పారేదని మాకు ఒక్క మాట యాల చెప్పల్యా?”

మారప్ప బీడీ ఆర్పాడు.

“ప్లాట్లు సూడను వచ్చినోళ్లకంతా గేటు తీసింది నేనే గదప్పా. బస్సు యాడ నిలుస్తాదని అడిగినారు. ఈశాన్యం యాడుండాదని అడిగినారు. పక్క ప్లాటు ఏ కులమోళ్లదని గూడా అడిగినారు. వానొస్తే నీళ్లు యాడికి పోతాయని అడిగినోడు మీలో ఎవుడన్నా ఉంటే చెయ్యెత్తమను.”