మొదటి చరణం

శనివారం పొద్దున్నే బాడుగ కారు ఇంటి ముందు ఆగగానే జయరాజు మాస్టారు అందులోకి మొదట ఎక్కించింది భార్యనూ కాదు, కూతుర్నీ కాదు, హార్మోనియాన్ని. వరంగల్ నుంచి డోర్నకల్‌కు నిక్షేపంలాంటి రైలుంది. కానీ రైల్లో పిల్ల సాధన మొదలుపెడితే పక్కవాళ్లు నడుమ స్టేషన్లోనే దింపేస్తారని భయపడి ఆయన కారు మాట్లాడాడు.

మరునాడు డోర్నకల్ క్రైస్తవుల గుడిలో కోత పండుగ. తన కూతురు ప్రమీల ఆ ఆరాధనలో పాట మూడు చరణాలూ ఎక్కడా ఆగకుండా వాయిస్తుందని ఆయన తన భార్య సారమ్మ అన్నయ్య ఇస్సాకు ముందు గొప్పలు పోయాడు. రైల్వే గార్డు ఇస్సాకు "సూద్దాం తియ్ బావా" అని నవ్విన నవ్వు మాస్టారికి అన్నం సహించనివ్వడం లేదు. ఎందుకంటే ప్రమీలకు మొదటి చరణం బ్రహ్మాండంగా వచ్చు. రెండోది అందుకోగానే వేళ్లు దారి తప్పుతాయి.

"గుమ్మడికాయ ఏడ పెట్టాలె?" అంది సారమ్మ. పండుగలో కానుక ఇవ్వాలని పెరట్లో పెంచిన కాయ అది.

"హార్మోనియానికే జాగ సాల్తలేదు. కాయను ఆడనే ఉండనియ్."

"దేవుని ముంగటికి ఉత్త చేతులతోని పోదామా?"

"పాటనే మన కానుక!"

సారమ్మ కాయను అరుగు మీద పెట్టి వచ్చి కారెక్కింది.

ఊరు దాటాక కొంతసేపటికి ఇంజను వేడెక్కి పొగలు కక్కింది. డ్రైవర్ రాయమల్లు ఓ పల్లె దగ్గర ఆపి నీళ్లకు వెళ్లాడు. ఉత్తగా కూర్చోవడం మాస్టారికి గిట్టదు. "వాయించు బిడ్డా" అన్నాడు.

ఆ పల్లెల్లో ఒక పద్ధతుంది. కోత పండుగకు ముందు గుడి పాస్టరు అయ్యగారి బండి ఊరూరా తిరుగుతుంది. బండిలో హార్మోనియం మోగిందంటే, కొత్త పంటలో దేవుడి వాటా తెచ్చి ఇవ్వాలని అర్థం. ఈ ఏడు ఆ బండి ఇరుసు విరిగి డోర్నకల్‌లోనే పడి ఉంది. ఆ సంగతి పల్లెల్లోనూ తెలియదు, మాస్టారికీ తెలియదు.

ప్రమీల మొదటి చరణం ముగించి రెండోది అందుకోబోతుండగా ఏసమ్మ అనే ముసలమ్మ కోడిని చంకలో పెట్టుకుని ఉరికొచ్చింది.

"గీ ఏడు గింత ఆలిశమైందేంది అయ్యగారూ?"

"నేను అయ్యగారిని కాదవ్వా. మేం ఉత్తగనే డోర్నకల్ పోతానం."

"గుడికే గదా?"

"గుడికే."

"గట్లయితే పట్టుండ్రి" అని కోడిని కిటికీలోంచి మాస్టారి ఒళ్లో పడేసింది. ఆమె వెనకే కందులొచ్చాయి, బీరకాయలొచ్చాయి. దేవుడి సొమ్ము వద్దనడానికి మాస్టారికి నోరు రాలేదు.

తర్వాత ఇంజను వేడెక్కిన ప్రతిచోటా ఇదే వరస. మొదటి చరణం అయ్యేది, కోళ్లు వచ్చేవి. కొన్ని ఊళ్లు దాటేసరికి ప్రమీల తెలివి మీరింది. మొదటి చరణం కాగానే తనే చేతులు తీసేసి, ఎవరేం తెస్తున్నారా అని కిటికీలోంచి చూడసాగింది. ఆగితేనే కదా ఈ గొడవ అని మాస్టారు కదిలే కారులో వాయించమన్నాడు. ఓ రైతు మేకపిల్లను భుజాన వేసుకుని చేనుకు అడ్డంపడి వెంటబడ్డాడు.

"ఆపకుంటే మనకే పాపం తగుల్తది సార్" అని రాయమల్లు బ్రేకు వేశాడు.

కేసముద్రం మార్కెట్ దగ్గర ఒకాయన కారులోకి తొంగిచూసి, "కోళ్లు జత ఎంతకిస్తరు?" అన్నాడు.

"అమ్మేటియి గావు!"

"మరి గా పెట్టె?"

"అదీ గాదు!" అని మాస్టారు అరిచిన అరుపుకు మేకపిల్ల బెదిరి హార్మోనియం మీదికి ఎక్కింది. ఆ రోజు సాధన అంతటితో సమాప్తం.

ఆదివారం గుడి నిండిపోయింది. ఇస్సాకు కావాలనే ముందు వరసలో కూర్చున్నాడు. ప్రమీల మొదటి చరణం గుడి గోడలు పులకరించేలా వాయించింది. వాయించి, చేతులు తీసేసి, అలవాటు ప్రకారం జనం వైపు చూసింది.

వాయించమని మాస్టారు దూరం నుంచే సైగలు చేశాడు. ఇస్సాకు మెల్లగా వెనక్కి తిరిగి, నవ్వడానికి మీసం సవరించుకున్నాడు.

అంతలో వెనక వరసలోంచి, నిన్న కారు ఆగిన పల్లెకు చెందిన ఓ ముసలమ్మ వడ్ల గంప ఎత్తుకుని లేచింది. పాట ఆగిందంటే ఇవ్వమనే కదా! ఆమె వెంట పక్కామె, ఆపైన గుడికి గుడే లేచి వరసగా కానుకలతో ముందుకు కదిలింది. ఏటా తోసుకుంటూ, తొక్కుకుంటూ జరిగే తంతు ఈసారి బారులు తీరి సాగింది. చేతిలో ఏమీ లేని ఇస్సాకు కూడా మొహమాటానికి లేచి, కొత్త కండువా సమర్పించుకున్నాడు.

ఆరాధన అయ్యాక అయ్యగారు మాస్టారి చేతులు పట్టుకున్నారు. "బండి ఇరిగి పల్లెల పంట రాదని ఫికర్ పడ్డ. మీరు కారు నిండ తెచ్చిండ్రు. పైనుంచి పాట నడుమ ఆపి కానుకలకు పిలుసుడు! ఎవరిదీ ఆలోచన?"

మాస్టారు ఇస్సాకు బోసి భుజాల వైపు ఓసారి చూశాడు. "మాదే అయ్యగారూ" అన్నాడు.

"మన గుమ్మడికాయ అరుగు మీదనే ఉన్నది" అంది సారమ్మ చెవిలో.

"జర ఊకో."

మరుసటి ఏటి నుంచి ఆ గుడిలో మొదటి చరణం తర్వాత పాట ఆపడం ఆచారమైంది. రెండో చరణం ప్రమీలకు ఇప్పటికీ రాదు.