అద్దంలో పడనివారి అందచందాలు

అద్దంలో ప్రతిబింబం పడని జాతికి రూపం మీద దురభిమానం ఉండే అవకాశమే లేదని రక్తపిశాచ గాథలు చదివేవారందరూ నమ్ముతారు. తన ముఖం తనకే తెలియనివాడు ఎదుటివాడి ముఖానికి వంకలు పెట్టడన్నది ఇందులోని తర్కం. చచ్చి బతికినవారికి ఆడా మగా తేడా, తెలుపూ నలుపూ తేడా పట్టవనీ, ఆ విషయంలో ఉత్తినే బతికున్నవారి కంటే వాళ్ళు ఎన్నో మెట్లు పైన ఉన్నారనీ కూడా ఆ పాఠకుల అభిప్రాయం. ఈ నమ్మకం వినడానికి బాగుంటుంది. పరీక్షకు పెట్టనంతకాలం నమ్మకాలన్నీ వినడానికి బాగానే ఉంటాయి.

దాన్ని పరీక్షకు పెట్టిన ఘనత, పరుపుల దుకాణం మేడమీద అద్దె గదిలో ప్రతి ఆదివారం సమావేశమయ్యే రక్తపిశాచ గాథాభిమానుల సంఘానికి దక్కుతుంది. (పెట్టాలని వారేమీ అనుకోలేదు. చరిత్రలో చాలా పరీక్షలు అలాగే జరిగాయి.) ఈ సంఘం ఏడు సంపుటాల ఒకే ఒక నవలను చదువుతుంది. చదవడం అయ్యాక వ్యాఖ్యానిస్తుంది. వ్యాఖ్యానం కుదరకపోతే ఉపసంఘం వేస్తుంది. రచయిత్రి కీర్తిశేషురాలు కావడంతో ఆమె అడ్డు కూడా లేదు.

రక్తపిశాచాలలో లింగభేదం ఉన్నదా లేదా అని పరిశీలించడానికి వేసిన ఉపసంఘం ఏడాది పాటు తలలు బద్దలు కొట్టుకుని, మరణంతో లింగం రద్దవుతుందని తేల్చింది. ఈ తీర్మానాన్ని సభ చప్పట్లతో ఆమోదించిన తరువాత సభ్యురాళ్ళు లేచి వెళ్ళి టీ పెట్టారు. (టీ విషయంలో మూలగ్రంథం మౌనం వహించినందువల్ల పాత ఆనవాయితీయే కొనసాగుతున్నది.) ఇక నవలలో పాతకాటు వంశాలవారు కొత్తగా కాటు పడినవారిని తమ పక్కన కూర్చోనివ్వరు. దీన్ని దురభిమానం అనాలా, సీనియారిటీ అనాలా అన్న ప్రశ్న వచ్చినప్పుడు, అనుభవం ముఖ్యం కనుక సంఘంలోని పాత సభ్యులతోనే ఉపసంఘం వేశారు. సీనియారిటీ అని తేలింది.

ఈ సంఘంలో చివరి వరుసలో కూర్చునే ఒకామెను అందరూ టచప్ అని పిలిచేవారు. ఫోటో స్టూడియో లోపలి గదిలో కంప్యూటరు ముందు కూర్చుని, వచ్చినవారి ముఖాలను వారు కోరుకునే ముఖాలుగా మార్చడం ఆమె ఉద్యోగం. మచ్చలు తుడుస్తుంది. కళ్ళ కింద నీడలు తీసేస్తుంది. ఎవరూ అడగకపోయినా చర్మం రంగును రెండు మెట్లు పెంచుతుంది. పెంచకపోతే ఫోటో సరిగ్గా రాలేదని వెనక్కి తెస్తారు. ఆ గదికి కిటికీ లేదు. వెలుతురు పడితే స్క్రీన్ మీద రంగులు తేడాగా కనిపిస్తాయని యజమాని దాన్ని ఇటుకలు పెట్టి మూయించాడు. ఆమె నల్లగా ఉంటుంది. ఈ మాట ఇంత సూటిగా అన్నవారు మాత్రం సంఘంలో ఒక్కరూ లేరు. అందరూ మర్యాదస్తులు.

నవల నాలుగో సంపుటం చివర, రక్తపిశాచాలకు పెద్దదిక్కైన పెద్దమ్మ, కొత్తగా వచ్చిన ఒక పిల్లను దగ్గరకు పిలిచి ఇలా అంటుంది: "మూడొందల ఏళ్ళుగా నన్ను చూసి భయపడ్డారు, దండాలు పెట్టారు, పారిపోయారు. నేనెలా ఉంటానో మాత్రం ఒక్కరూ చెప్పలేదు. నువ్వు చెప్పు." ఆ పేజీ మొదటిసారి చదివిన రోజు టచప్, స్క్రీన్ మీద ఎవరిదో సగం తెల్లబడిన ముఖాన్ని అలాగే వదిలేసి, గది తలుపు మూసి, మళ్ళీ మొదటినుంచి చదివింది. ఆ ఘట్టాన్ని వార్షికోత్సవంలో నాటకంగా వేస్తారని తెలిసినప్పుడు, సంఘంలో చేరిన తరువాత మొట్టమొదటిసారి చెయ్యెత్తింది. పెద్దమ్మ వేషం ఆమెకు కావాలి. సంఘం నుంచి ఆమెకు ఇంకేమీ అక్కర్లేదు.

సరిగ్గా అప్పుడే అద్దం గొడవ మొదలైంది.

బీమా కంపెనీలో జీవితమంతా ఇతరుల నష్టాలను తగ్గించి అంచనా వేసి పదవీ విరమణ చేసిన అధ్యక్షుడు, వార్షికోత్సవం దాకా సభ్యులందరూ గదిలో ఉన్నంతసేపు రక్తపిశాచాల జీవనవిధానాన్ని పాటించాలని ప్రతిపాదించారు. రక్తం విషయంలో సడలింపు ఇచ్చారు. అద్దం విషయంలో ఇవ్వలేదు. చేతులు కడుక్కునే చోట ఉన్న ఒకే ఒక అద్దానికి దుప్పటి కప్పారు. (కింది దుకాణంవారు తగ్గింపు ధరకు ఇచ్చారు.) రెండు వారాలు తిరిగేసరికి సభలో ఒకరి పాపిడి పక్కకు పోయింది, ఒకరి మీసానికి టీ మీగడ అంటుకుంది. నేనెలా ఉన్నానని ఒకరినొకరు అడగడం, మీకేమండీ అని జవాబు రావడం, ఆ జవాబులో వెటకారం ఉన్నదని తగాదా పడడం నిత్యకృత్యమైంది.

వ్యాఖ్యాన ఉపసంఘం మూలగ్రంథాన్ని తిరగేసింది. నవలలో రక్తపిశాచాలు ఎప్పుడు చూసినా నలగని బట్టల్లో, చెదరని జుట్టుతో ఉంటారు. అద్దం లేకుండా ఇది అసాధ్యం. కనుక చూసి చెప్పే ఉద్యోగి ఒకరు వాళ్ళ కొలువులో ఉండి తీరాలి. రాయడం రచయిత్రి మరచిపోయి ఉంటారు. ఆ ఉద్యోగానికి దర్పణాధికారి అని పేరు పెట్టి, టచప్‌ను నియమించారు.

"రోజంతా మొహాలు చూసే పని కదమ్మా నీది. నీకంటే తగినవాళ్ళెవరున్నారు?" అన్నారు కార్యదర్శి. ఆయన లెక్కల మాస్టారు.

"చూసింది చూసినట్టు చెప్పాలా మాస్టారూ?"

"అద్దం అబద్ధం చెప్తుందా తల్లీ?"

మొదటి ఆదివారం ఆమె ముందు బారులు తీరారు. వరుసలో ముందు నిలబడింది అధ్యక్షుడే.

"మీకు బట్టతల వచ్చిందండీ," అంది టచప్.

"ఎప్పుడు?"

"చాలా రోజులే అయినట్టుంది."

ఆ రోజు అధ్యక్షోపన్యాసం జరగలేదు. మరుసటి వారం నిబంధనలు వచ్చాయి. దర్పణాధికారి ఉన్న జుట్టు గురించి మాత్రమే చెప్పవలెను, లేని జుట్టు ఆమె పరిధిలోకి రాదు. ముడతలను అనుభవమని పేర్కొనవలెను. రంగు విషయంలో వెన్నెల, పాలరాయి, ముత్యం, మైనం అన్న నాలుగు వర్ణనలకు అనుమతి ఉన్నది. రక్తపిశాచాలకు ఎండ తగలదు, ఎండ తగలనివారు తెల్లగా ఉంటారు, ఇది సైన్సు. కనుక ఐదో రంగు అవసరం ఉపసంఘానికి కనిపించలేదు. టచప్ అందరినీ ఆ నాలుగింటిలో సర్దింది. స్టూడియోలో మౌసుతో చేసేదాన్ని ఇక్కడ నోటితో చేసింది, అంతే. మైనం పడినవారు ముత్యం కోసం అప్పీలు పెట్టుకున్నారు. ముత్యం దక్కినవారు మైనంవారి పక్కన కూర్చోవడం మానేశారు. (ఇది సీనియారిటీ కాదు, దురభిమానమూ కాదు. దీన్ని ఏమనాలో చెప్పడానికి ఇంకా ఉపసంఘం వేయలేదు.)

ఆ తరువాత వేషాల పంపకానికి దర్పణాధికారి ఇచ్చిన రూప ధ్రువీకరణ తప్పనిసరి అని ప్రకటించారు. టచప్ ఆ ప్రకటన చదివి, నేరుగా మాస్టారి కుర్చీ దగ్గరికి వెళ్ళింది.

"నాదెవరు చెప్తారు మాస్టారూ?"

"ఏది?"

"రూపం. ధ్రువీకరణ లేనిదే వేషం లేదన్నారు కదా. నేను పెద్దమ్మ వేషం అడిగాను."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నిజమే. అది దర్పణాధికారి చెప్పాలి."

"నేనే కదా దర్పణాధికారిని."

"అక్కడే వచ్చింది చిక్కు. అద్దం తనను తాను ఎలా చూసుకుంటుందమ్మా?"

"పోనీ మీరు చూసి చెప్పండి. ఎదురుగానే ఉన్నాను."

మాస్టారు గోడ మీది క్యాలెండరు వైపు చూశారు. "నాకా అధికారం లేదు తల్లీ."

"ఉంటే ఏమనేవారు?"

"చూడమ్మా, నాకలాంటి పట్టింపుల్లేవు. మా ఇంట్లో అందరూ చామనఛాయే. కానీ వాంపైర్లు ఎండలోకి రారు. మూడొందల ఏళ్ళు ఎండ తగలకపోతే ఎవరైనా ఏమవుతారు? నేను చెప్పేది లెక్క. మనసులో ఏమీ పెట్టుకోకు."

"నేను స్టూడియోలో చేరి పదకొండేళ్ళు. పొద్దున లోపలికెళ్తే దీపాలు పెట్టాకే బయటికొస్తాను. కిటికీ కూడా లేదు ఆ గదికి. ఇదిగో, ఇలాగే ఉన్నాను."

"పదకొండుకీ మూడొందలకీ పోలికేమిటి?"

"కొంచెమైనా కనపడాలి కదా మాస్టారూ. పదకొండేళ్ళ పాటి తెలుపు."

నిష్పత్తులు చెప్పి ఎన్నో తరాలను గట్టెక్కించిన ఆయన ఈ లెక్క చేయలేదు. వ్యక్తిగత మినహాయింపు అని ఒక చీటీ మీద రాసుకుని జేబులో పెట్టుకున్నారు. మినహాయింపు అంటే వేషం ఇవ్వడమా అని ఆమె అడిగింది. సైన్సును ఆమె నుంచి మినహాయించడం కుదరదు కనుక, సైన్సు నుంచి ఆమెను మినహాయించడమని ఆయన వివరించారు.

ఇంటికి వచ్చేసరికి చెల్లెలు అన్నం వడ్డించుకుంటున్నది. ఒకే ఇంట్లో, ఒకే రంగులో పెరిగినవారు ఇద్దరూ.

"ఏమన్నారే నీ దయ్యాలు?"

"దయ్యాలు కాదే."

"సరే, దయ్యాలకు మేనత్తలు. ఏమన్నారు?"

టచప్ చెప్పింది. చెల్లెలు వింటూనే అన్నం కలిపింది.

"అసలు అంతగా ఏముందే ఆ వేషంలో? ఏదీ, ఒకసారి చెప్పు."

టచప్ గోడకు ఆనుకుని, ఎక్కడా గొంతు పెంచకుండా, పెద్దమ్మ మాటలు చెప్పింది. చెల్లెలి చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

"నేను చెప్పనా నువ్వెలా ఉంటావో?" అంది చివరికి.

"చెప్పు."

"అచ్చం అమ్మలా ఉంటావు. కోపం వస్తే మరీనూ."

"ధ్రువీకరణకు పనికిరాదే."

"ఎందుకు పనికిరాదు?"

"ఆ నాలుగు రంగుల్లో అమ్మ లేదు."

వేషాలు ఖరారు చేసే ఆదివారం అధ్యక్షుడు చరిత్రాత్మక ప్రసంగం చేశారు. లింగభేదాన్ని సంఘం రద్దు చేసిందే కానీ ఇంతవరకు వాడుకోలేదని, వాడుకోని ఆదర్శానికి తుప్పు పడుతుందని ఆయన ఆవేదన వెలిబుచ్చారు. పెద్దమ్మ వేషం స్త్రీయే వేయాలనుకోవడం బతికున్నవారి సంకుచితత్వమన్నారు. ఈ సంకుచితత్వం నుంచి సంఘాన్ని కాపాడడానికి తన బావమరిది ముందుకు వచ్చాడని ప్రకటించారు. మందుల దుకాణం నడిపే ఆ బావమరిది, తాను అమ్మే మాత్రలంత తెల్లగా ఉంటాడు. నవల చదవలేదు. (చదివితే ముందస్తు అభిప్రాయాలు ఏర్పడతాయి.)

"నాకెందుకు బావా ఇవన్నీ?" అన్నాడు బావమరిది.

"కూర్చుని నాలుగు మాటలు చదవడమేరా."

"మరి మీసం?"

"లింగమే రద్దయినప్పుడు మీసం ఏ లెక్కలోకి వస్తుంది?"

చప్పట్లు ఆగాక చివరి వరుసలో టచప్ లేచి నిలబడింది. "ఆ వేషం నేనడిగానండీ."

"అడిగావమ్మా, కాదన్నామా? నీ ధ్రువీకరణ తేలనీ, వచ్చే ఏడు చూద్దాం. ప్రస్తుతం మావాడిని చూసి ఆ ముక్క చెప్పు. నువ్వు చెప్తేనే చెల్లుతుంది."

ఆమె ముందుకు వచ్చింది. బావమరిది ఫోటోకు నిలబడినట్టు ఊపిరి బిగబట్టి, గడ్డం కొంచెం పైకెత్తాడు. వెన్నెల అంటుందా, పాలరాయి అంటుందా అన్నదొక్కటే మిగిలిన సందేహం. టచప్ అతని ముఖాన్ని చాలాసేపు చూసింది. ఆ రెండింటిలో ఏ మాట అన్నా వేషం పోతుందని ఆమెకు తెలుసు. ఇంకొక మాటతో ఈ ధ్రువీకరణలన్నీ చెల్లకుండా పోతాయని కూడా అప్పుడే తట్టింది. అవి చెల్లకపోతే అందరూ తనలాగే కాగితం లేనివారవుతారు. అప్పుడు వేషం ఎవరిదో తేల్చడానికి పెద్దమ్మ మాటలు చదివి వినిపించడం ఒక్కటే మిగులుతుంది. చదవడంలో ఆమెకు ఎవరి భయమూ లేదు.

"ఏమీ కనిపించడం లేదండీ," అంది.

"ఏమిటమ్మా?"

"నన్ను అద్దమన్నారు కదా. అద్దంలో వాంపైర్లు కనిపించరు, మన పుస్తకంలోనే ఉంది. అద్దం అబద్ధం చెప్పదని మాస్టారే అన్నారు. నా ఎదురుగా ఎవరూ లేరు. ఇక ఎవరిని నిలబెట్టినా అంతే, నేనేమీ చెప్పలేను."

బావమరిది తన చేతులవైపు ఒకసారి చూసుకున్నాడు. అధ్యక్షుడు మాస్టారివైపు చూశారు. మాస్టారు నెమ్మదిగా లేచారు. బావమరిదివైపు తిరిగి చేతులు జోడించారు.

"అధ్యక్షా, ఇది మామూలు విషయం కాదు. ఇన్నాళ్ళూ ఎంతోమంది ఈ అమ్మాయి ముందు నిలబడ్డాం. అందరమూ కనిపించాం. మనలో ముత్యాలున్నారు, పాలరాళ్ళున్నారు. అద్దానికి అసలు కనిపించనివాడు ఈయనొక్కడే."

"అది కాదు మాస్టారూ, నేననేది..." అంది టచప్.

"నువ్వు చెప్పాల్సింది చెప్పావు తల్లీ. ఇంతకంటే నిజాయితీగా ఏ అద్దమూ చెప్పదు."

సభ్యులందరూ లేచి నిలబడ్డారు. ముందు వరుసలోని ముత్యం ఒకరు, బావమరిది కాళ్ళకు దండం పెట్టాలా వద్దా అని పక్కవారిని అడిగారు. టచప్ ఇంకా ఏదో చెబుతున్నది. చప్పట్లలో వినపడలేదు.

ఆనాటి సభా కార్యక్రమం ఈ విధంగా నమోదైంది. పెద్దమ్మ వేషం: అధ్యక్షుడి బావమరిది. అర్హత: అద్దంలో కనిపించకపోవడం. ఇతర అభ్యర్థులు: ఒకరు, రూపం నమోదు కానందున పరిశీలించలేదు. లింగ, రూప దురభిమానాలపై ఫిర్యాదులు: లేవు.