అత్తగారు కూర్చున్న కుర్చీ

ఆ పొద్దున పళ్ళ డాక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. అత్తగారు పడవంతా చూడాలి, వెనక గదిలో ఉన్న టాయిలెట్‌ను మాత్రం చూడకూడదు.

మొగుడూ పెళ్ళాం ఫ్లాటు ఖాళీ చేసి తెరచాప పడవలో కాపురం పెట్టారు. డాక్టరుకి పడవంటే ప్రాణం. భార్యకి ఇంకా అనుమానమే. "మా అమ్మ చూసి సరేనంటే ఉందాం. ముఖం చిట్లించిందా, మళ్ళీ ఫ్లాటుకే" అని తేల్చి చెప్పేసింది. అత్తగారు రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. శుభ్రం విషయంలో ఆవిడ దగ్గర మార్కులు తెచ్చుకోవడం మహా కష్టం.

పడవలో టాయిలెట్లు రెండు. ముందు గదిలోది చేతి పంపుది. పంపు కొడితే సముద్రపు నీళ్ళొచ్చి అంతా ట్యాంకులోకి పోతుంది. వెనక గదిలోది పొడిది. అందులో చుక్క నీళ్ళు పోయకూడదు, గుప్పెడు కొబ్బరి పొట్టు చల్లి మూత వేయాలి. వాసన రాదని డాక్టరు ఎంతమందికో చెప్పాడు, ఒక్కరూ నమ్మలేదు. అందుకే దాని మీద పూల దిండు వేసి కుర్చీని చేసేశాడు. పొట్టు డబ్బా దాచడం మరిచిపోయాడు.

భార్య చిన్న పడవలో తల్లిని తెచ్చి దింపి, సరుకులకని మళ్ళీ ఒడ్డుకెళ్ళింది. అత్తగారు వచ్చీ రాగానే కిటికీ తెరలు విప్పి బక్కెట్లో నానబెట్టి, వెనక గదిలోకి నడిచారు.

"ఈ డబ్బాలో ఏంటి బాబూ?"

"అదా... ఏం లేదత్తయ్యా. చెత్త."

ఆవిడ అతని చెవుల వంక చూసి "ఊఁ" అన్నారు.

డాక్టరు కాఫీ కలుపుతుంటే ముందు గదిలోంచి పంపు చప్పుడు వినిపించింది. పరుగెత్తాడు.

"చెత్తన్నావుగా, పారబోశాను" అన్నారు అత్తగారు తృప్తిగా.

పొట్టు ఉబ్బి పంపు గొంతులో బిగుసుకుంది. పిడి లాగితే రాదు, తోస్తే పోదు. డాక్టరు బలమంతా పెట్టేసరికి ఊడి చేతికొచ్చింది. పీకడం అలవాటైన చెయ్యి మరి.

"విరిగిందా?"

"లేదత్తయ్యా, ఇది ఇలాగే ఊడొస్తుంది. కడగడానికి వీలుగా."

అత్తగారు కాఫీ పుచ్చుకుని, సరాసరి వెళ్ళి ఆ పూల దిండు మీదే కూర్చుని స్వెట్టరు అల్లడం మొదలెట్టారు. కంగారులో గ్లాసు మీద గ్లాసు తాగిన కాఫీ డాక్టరు కడుపులో సరిగ్గా అప్పుడే తన పని మొదలెట్టింది.

"అత్తయ్యా, పైన గాలి బాగుంది, రండి!"

"ఇక్కడా వస్తోందిగా."

"ఆ కుర్చీ మీ నడుముకి..."

"దివ్యంగా ఉంది."

"డాల్ఫిన్లత్తయ్యా! పైకి రండి!"

ఆవిడ కూర్చున్న చోటి నుంచే కిటికీలోకి తొంగిచూశారు. "ఏవి?"

"మునిగాయి."

బక్కెట్టు గుర్తొచ్చింది, అందులో తెరలున్నాయి. సముద్రంలోకి దూకుదామంటే చుట్టూ లంగరేసిన పడవల్లో జనం తీరిగ్గా ఇటే చూస్తున్నారు, వాళ్ళలో సగం మంది అతని పేషెంట్లు. డాక్టరు ఒంటికాలి మీద నిలబడ్డాడు, కాలు మార్చాడు, చెమటలు కక్కాడు. పడవ ఉంటే ఎంత, పోతే ఎంత!

"లేవండత్తయ్యా! అది కుర్చీ కాదు, టాయిలెట్!"

అత్తగారు అల్లుతున్న వరస పూర్తి చేసి లేచారు. "తెలుసు. చెత్తన్నప్పుడే నీ చెవులు ఎర్రబడ్డాయి. నువ్వు అటు తిరగ్గానే మూత ఎత్తి చూశాను. నువ్వెప్పుడు చెబుతావా అని కూర్చున్నా. నీ దగ్గరికి పన్ను నొప్పని వచ్చేవాళ్ళకీ ఇలాగే చెబుతావా, నొప్పుండదని?"

డాక్టరు లోపలికి దూరాడు. ఆవిడ గడప దాటీ దాటకముందే తలుపు గడియ పడింది.

అంతలో భార్య సరుకులతో, కొత్త పొట్టు బస్తాతో దిగింది. "ఎలా ఉందమ్మా పడవ?"

"వెనకదాన్లో వాసనే లేదే! నూటికి నూరు మార్కులు. ఉంచుకోండి."

లోపల డాక్టరు కళ్ళు ఆనందంతో చెమర్చాయి.

"నాకూ ఇక్కడే బాగుంది. చలికాలమంతా మీతోనే ఉండిపోతా" అన్నారు అత్తగారు.

"ఏమండీ, విన్నారా? మీకేం ఇబ్బంది లేదుగా?"

లోపలి నుంచి డాక్టరు గొంతు వినిపించింది.

"అబ్బే, నాకేం ఇబ్బంది?"

తలుపు వేసి ఉండబట్టి అతని చెవులు ఎవరికీ కనబడలేదు.