తొమ్మిది కాలిబంతి కార్డుల తీర్పు

మానేరు పొంగి సిరిసిల్ల అద్దకపు వాడలోని రంగు బానలను ఎత్తుకొనిపోగా, వాగు మూడు దినములు ఎర్రగను, ఒక దినము నీలముగను, ఐదవనాడు మాత్రమే నీళ్ళ రంగులోను పారిన ఆ పెద్దవరదకు నాలుగవ ఏట. సాయంకాలపు బస్సులు సూర్యునికంటె ముందుగా అస్తమించు ఆ కాలమున. ఎర్ర తువ్వాల భుజమున వేసికొని బజారున నడచుటకు పెండ్లికొడుకు సైతము జంకు ఆ కాలమున. పగలు ఖాకీవారు వచ్చి ‘రాత్రి ఎవరికి అన్నము పెట్టితిరి’ అనియు, రాత్రి అన్నలు వచ్చి ‘పగలు ఎవరితో మాటలాడితిరి’ అనియు అడుగుచుండగా, మాట యన్నది బియ్యముకంటె పొదుపుగా వాడుకొనవలసిన సరుకైన ఆ కాలమున — చెవులున్నవారు వినుడు, చెవుడున్నవారు పక్కవారిని అడిగి తెలిసికొనుడు — కోరుట్ల పట్టణమందు, గంగవ్వ పెంకుటింటి వసారాలో, ఒక ఆదివారము పట్టపగలు, యాటకూర పొయ్యిమీద కుతకుతలాడుచుండగా, తొమ్మిది అట్టముక్కల నిమిత్తము జరిగిన మహాసంగ్రామము ఇది.

ఈ సంగ్రామమునకు నాయకుడు గంగవ్వ పెద్దల్లుడు, సిరిసిల్ల చేనేతకారుడు ఆనందం. మౌనమహారథుడు, పోగులెక్కలో పొల్లుపోనివాడు, చీరను ముందువైపు కాక వెనుకవైపు తిప్పి చూచువాడు, ముప్పదియేండ్లుగా అంచు విషయమున అబద్ధమాడి యెరుగనివాడు. ఒకమారు వేములవాడ సేటొకడు వంకర అంచు చీరను ముందుంచి, “మంచిగున్నదని ఒక్క మాట అను ఆనందం, గిరాకి ఎదురు సూస్తున్నడు” అని బతిమాలగా, ఆ ధీరుడు మధ్యాహ్నము మొదలు పొద్దుగూకువరకు నోరు విప్పక నిలుచుండి, ఆఖరి బస్సు తప్పి, ఏడు మైళ్ళు చీకటిలో నడచి ఇల్లు చేరెనే గాని, ఆ ఒక్క మాట అనలేదు.

ప్రతినాయకుడు చిన్నల్లుడు కనకయ్య. జగిత్యాల దిక్కున ఒక ఠాణాలో జవాను. సెలవుమీద వచ్చినను మీసము డ్యూటీలోనే ఉండును. లాఠీని ఇంట విడిచినను మోచేయి దానిని విడువదు. ఆయన ‘చాయ్ తాగినవా’ అని అడిగినను విన్నవానికి నేరము ఒప్పుకొనవలెననిపించును.

ఇక ఎవని మానము ఆ దినము త్రాసులో తూగెనో, అతడు గంగవ్వ కొడుకు వెంకటి. రెండేండ్లు దుబాయిలో ఇసుకయు సిమెంటును కలిపి, ఆరు నెలల జీతము ఎగగొట్టి కంపెనీవాడు మాయము కాగా, ఎవరో దయతలచి టిక్కెట్టు ఇప్పింప, ముందునాడే ఇల్లు చేరెను. దుబాయినుండి వచ్చినవాడు అక్కల మగల చేతిలో రేడియో గాని, కంబళి గాని, కనీసము సెంటుసీసా గాని పెట్టవలయును. అది కోరుట్లలో వేదమునకు మించిన శాసనము. వెంకటి జేబున మిగిలిన చిల్లరకు విమానాశ్రయపు అంగడిలో దొరికినది ఒక్కటే: ఆ నెలనే కొత్తగా విడుదలయిన కాలిబంతి ఆటగాండ్ర బొమ్మకార్డుల పొట్లము. అందులో తొమ్మిది కార్డులు.

జీతము పోయిన సంగతి తల్లికిని, ఆమె చెవిన వేసినందున పెద్దల్లునికిని తప్ప అన్యులకు తెలియదు. చిన్నల్లునికి తెలిసెనా, ‘దుబాయి పోయి ఉత్తచేతుల అచ్చిండు’ అను మాట జగిత్యాలనుండి సిరిసిల్లవరకు బస్సుకంటె ముందు పోవును. కావున ఆ తొమ్మిది అట్టముక్కలు విలువగల వస్తువులని ఆ పూట తేలవలెను. డిజైను మంచిచెడ్డలు తేల్చువాడు ఆ ఇంట ఆనందం ఒక్కడే. ఆయన అబద్ధమాడడు, ఊరకుండెనా, అదియే తీర్పు. ఇదియే ఆ దినమున పడిన చిక్కుముడి.

వెంకటి ఇత్తడి పళ్ళెములో పొట్లమునుంచి, అక్కల మగల ఎదుట మోకరిల్లినంత పని చేసెను.

“పెద్దబావా, చిన్నబావా, గిది మీ ఇద్దరికి. కొత్త మాలు. గీ నెలనే దిగింది. దుబాయిల పెద్దపెద్దోళ్ళు గూడ దీనికోసం లైను కడ్తరు.”

కనకయ్య పొట్లమును రెండు వ్రేళ్ళతో ఎత్తి, చెవివద్ద ఆడించి చూచెను.

“రెండేండ్లు దుబాయిల ఉండి తెచ్చింది గింత పొట్లమా బామ్మర్దీ? వక్కపొడి పొట్లం గిట్లనే ఉంటది. అది నములుకోవచ్చు, దీన్నేం చెయ్యాలె?”

“ఇప్పి సూడు చిన్నబావా.”

కనకయ్య పొట్లమును పంటితో చీల్చెను. చీల్చి, మొదటి కార్డును చూచి, సర్పమును త్రొక్కినవానివలె మూడడుగులు వెనుకకు దుమికెను.

“దళం ఫోటో!” అని గర్జించెను. “తలుపు పెట్టు లీలా! ముందుగాల తలుపు పెట్టు! ఎర్రంగీలు! పదకొండు మంది! ఎనుక ఆరుగురు నిలవడ్డరు, ముందల అయిదుగురు మోకాలు మీద కూసున్నరు. గిసొంటి ఫోటోలు మా ఠాణా గోడకు ఎన్ని లేవు! గీ నడుమ చేతికి పట్టీ కట్టినోడు కమాండరు. గిది గీ ఇంట్ల దొరికితే నా నౌకరి పోతది, మీ తోళ్ళు పోతయి!”

ఆయన భార్య లీల తలుపు పెట్టి వచ్చి తొంగిచూచెను. “తుపాకులేవి మరి?”

“దాచిపెట్టి ఫోటో దిగిండ్రు.”

గంగవ్వ గరిటెతో సహా వచ్చి, కార్డుమీదికి వంగి, కండ్లు చికిలించి చూచెను. “చెడ్డీలేసుకొని అడివిల ఎట్ల తిరుగుతరు అల్లుడా? ముండ్లు గుచ్చుకోవా?”

“బంతి ఆడెటోళ్ళు అవ్వా!” అని వెంకటి మొరపెట్టెను. “కాళ్ళతోని బంతి తన్నెటోళ్ళు. గాయిన కమాండరు కాదు చిన్నబావా, కెప్టెను.”

“రెండూ ఒక్కటే!” అనుచు కనకయ్య, వాయువేగమున వంటింటికేగి, ఆ పదకొండుగురు పరదేశ యోధులను యాటకూర కింది మంటలో పడవైచెను. క్షణములో వారు ముడుచుకొని, నల్లబడి, వీరస్వర్గమునలంకరించిరి.

“ఏం జేసినవ్ అల్లుడా?” అని గంగవ్వ అడుగగా, ఆయన చేతులు దులుపుకొని, “ఎదురుకాల్పులు” అనెను.

ఇట్లు తొలి ఘడియలోనే ఒక కార్డు హతము కాగా, ఎనిమిది మిగిలెను. వానియందు ఒక్కొక్కనిదే పటము. కనకయ్య ధైర్యము తెచ్చుకొని ఒకదానిని తిరగవేసి, వెనుకనున్న ఇంగ్లీషు అక్షరములను ఠాణాలో చదివినట్లే, వ్రేలు పెట్టి, అనుమానించుచు చదివెను.

“పొడుగు. బరువు. పుట్టిన తేది. నంబరు. అచ్చం మావోళ్ళు రాసినట్లే రాసిండ్రు. మరి రేటేది?”

“ఏం రేటు?”

“తలకాయ రేటు! మా గోడ మీదున్న ఒక్కొక్క పిలగాడు లచ్చ, రెండు లచ్చలు పలుకుతడు. కింద సాఫుగ రాసుంటది. వీళ్ళ మీద రేటే లేదు. రేటు లేనోని ఫోటో ఎవనిక్కావాలె బామ్మర్దీ? గీ ఎనమండుగుర్ని కలిపి అమ్మినా చాయ్ నీళ్ళు రావు.”

“వీళ్ళకు బంతి తన్నితే కోట్లు ఇస్తరు చిన్నబావా.”

“బంతి తన్నితే కోట్లా?” కనకయ్య స్వరమున ఒక్క క్షణము నిజమైన దుఃఖము పలికెను. “మేం మనుషులను తన్నినా మూడు నెలలకోసారి జీతం!”

ఆ జీతమన్న మాట ఆయన నోటనుండి వెలువడి, ఆయన చెవినే చేరి, అచ్చట ఏదో దీపము వెలిగించెను. మీసము మెల్లగా పైకి లేచెను. ఎందరి నేరములనో ఒప్పించిన ఆ చూపు, శత్రువు కవచమున సందు కనిపెట్టిన బాణమువలె, బామ్మర్దిమీద నిలిచెను.

“సూటిగ చెప్పు వెంకటి. నీకు జీతం అచ్చిందా, రాలేదా?”

వెంకటి తల వంచెను. గంగవ్వ చేతి గరిటెనుండి పులుసు చుక్క ఒకటి నేల రాలెను. అప్పుడు ఆ ఇంటనున్న కండ్లన్నియు, వర్షము కొరకు మబ్బును చూచు చేనువలె, ఒక్కసారిగా ఆనందం వైపు తిరిగెను.

ఆనందం పళ్ళెమును తనవైపు లాగుకొనెను.

అంతట, ఉభయసేనల నడుమ రథము నిలిపిన గాండీవివలె, అతడు ఎనిమిది కార్డులను రెండు వరుసలుగా పేర్చి, మొదట అన్నిటిని బోర్లించి, వెనుకవైపు చూచి, పిమ్మట ముందుకు తిప్పి, బొటనవ్రేలిని తడిచేసి రంగుమీద రుద్ది, ఆ వ్రేలిని తెల్ల ధోవతి అంచున తుడిచి మరక కొరకు వెదకి, మూలను వంచి అది తిరిగి లేచునో లేదో గమనించి, తలుపు సందు వెలుతురుకు అడ్డముగా పట్టి, భుజమునున్న తువ్వాల కొసనుండి ఒక పోగు పెరికి, ఆ పోగుతో బొమ్మచుట్టునున్న తెల్ల అంచును కుడివైపు ఒకమారు, ఎడమవైపు ఒకమారు కొలువసాగెను. కూర అడుగంటు వాసన వచ్చినను ఎవరును కదలలేదు.

మొదటిది: కుడి అంచు లావు, ఎడమ అంచు సన్నము. ప్రక్కకు త్రోసెను. రెండవది: ఆటగాని పెదవి ఎరుపు పెదవిని దాటి చెంపకెక్కెను. త్రోసెను. మూడవది మూల మెత్తబడినది. నాలుగవది, ఐదవది పైయంచు మాయము, కిందియంచు బెత్తెడు. ఆరవదానిలో పచ్చగడ్డి రంగు చెవులవరకు పాకెను. ఏడవదానికి బొమ్మయే ఒరిగియుండెను. ఒక్కొక్క కార్డు కూలునప్పుడెల్ల వెంకటి మెడ ఒక్కొక్క అంగుళము కిందికి దిగెను.

“ఏమంటున్నవే అన్న? తేల్చు,” అని కనకయ్య తొందరపెట్టెను. “నువ్వు మంచిగున్నదంటే మంచిదే. నీ నోట అబద్ధం రాదని నాకెరుకే.”

అదియే ఆయన ప్రయోగించిన బ్రహ్మాస్త్రము.

ఎనిమిదవ కార్డున ఒకడు బురదలో ఏటవాలుగా పడియుండెను. ముఖమున సగము మన్ను. చేతులకు లావుపాటి తొడుగులు. బంతి పటములో ఎచ్చటను లేదు.

“వీనికి చేతులకు గవేంది?” అనెను కనకయ్య. “ఏలిముద్రలు పడకుండనా?”

ఆనందం పోగును కుడి అంచున పెట్టెను. గోరుతో గురుతు పెట్టెను. ఎడమ అంచున పెట్టెను. పైన పెట్టెను. కింద పెట్టెను. మరల మొదటినుండి పెట్టెను. పోగు నాలుగు దిక్కులను ఒక్క వెంట్రుకవాసి తేడా లేక సరిపోయెను.

అప్పుడు ఆ మౌనమహారథుని హృదయకుహరమున సింహగర్జనము పుట్టెను. ‘ఓరీ కనకయ్యా! తలమీది రేటే విలువ యని నమ్ము ఠాణాతర్కకుశలా! వినుము! గోడమీది కాగితమున సున్నాలు చేర్చినంత మాత్రమున వస్తువునకు వెల రాదు. చేసినవాని చేతినుండి వచ్చును. ఈ బురదవాడు బంతిని పట్టెనో విడిచెనో నేనెరుగను. వీని దేశమెరుగను, భాషయెరుగను. కాని వీని చుట్టు ఈ తెల్లని అంచును నడిపినవాడు ఏ సముద్రము ఆవల పుట్టినను మా పద్మశాలి ఇంట పుట్టవలసినవాడు. అట్టిదానిని ఏరి తెచ్చిన నా బామ్మర్ది ఉత్తచేతుల వచ్చినవాడు ఎట్లగును?’ అని ఆ వీరుడు దిక్కులు పిక్కటిల్ల గర్జింపదలచెను. కాని కంఠము దాటునప్పటికి ఆ గర్జనము ఇంతయే మిగిలెను:

“గీదాని అంచు నాలుగు దిక్కుల ఒక్కతీరున్నది.”

అతని భార్య రాజక్క చేతిలోని చెంబు జారి ఖణేలున నేలబడెను. పెండ్లినాటినుండి అత్తగారింట అతడు పలికిన మాటలలో అంత పొడుగైనది లేదు.

“అయ్యో, మాట్లాడిండు!” అని ఆమె నోరు మూసికొనెను.

కనకయ్య ఆ కార్డును తీసికొని చూచెను. ఆయనకు ఏమియు కానరాలేదు. కానరాలేదు కావుననే అది గొప్పదై యుండవలెనని తోచెను. గొంతు తగ్గించి అడిగెను.

“గట్లనా అన్న? ఎంత చేస్తదంటవు?”

ఆనందం ప్రక్కకు త్రోసిన ఏడింటిని చూచెను, చేతిలోని ఒక్కదానిని చూచెను. ధరయన్నది అతడెరుగడు, ఎరుగనిదానిని చెప్పడు. ఎరిగినదానిని మాత్రము చెప్పెను.

“దొరుకది.”

ఆ ఒక్క పదము చాలెను. దొరకనిదానిని విడువకుండుట పోలీసు శాఖలో చేరినవానికి మొదట నేర్పు విద్య. కనకయ్య కార్డును ఛాతీకి హత్తుకొనెను.

“మరి గిది నాకే రావాలె. చిన్నల్లున్ని. చిన్నోనికే ముద్దెక్కువుండాలె.”

“నువ్వేనాయె చాయ్ నీళ్ళు రావంటివి!” అని గంగవ్వ గరిటె తిప్పెను.

“అది ఏడింటి ముచ్చట అత్తా! గిదాని ముచ్చట నేనెప్పుడన్న? వెంకటి, నువ్వు చెప్పు, నేనన్ననా?”

“అనలే చిన్నబావా.”

“సూసినవా!”

పిమ్మట ఆయన ఆ బురదవీరుని తన గుర్తింపుకార్డు వెనుక దాచి, జేబు గుండీ పెట్టి, గుండీని రెండుమారులు తడిమి చూచుకొని, మాడిన యాటకూరను మారు మాటలేక తిని, మూడు గంటల బస్సుకు జగిత్యాలకు వెడలెను. బస్టాండులో తెలిసినవాడొకడు కనబడగా జేబు తట్టి, “దుబాయి మాలు. మా బామ్మర్ది తెచ్చిండు. దేశంల దొరుకది” అనెను. జీతము వచ్చెనా రాలేదా అను ప్రశ్న ఆ జేబులోనే, ఆ గుండీ కిందనే, సమాధియయ్యెను.

జయము! జయము! పద్మశాలి కులదీపమునకు జయము! ఒక కార్డు మంటలపాలు కాగా, ఏడు నేలకొరగగా, ఎనిమిదవదాని అంచు నాలుగు దిక్కుల నిలిచెను. ఒక్క అబద్ధము చిందకుండ, అక్షరాలా ఆరు మాటలతో, ఒక బామ్మర్ది ఆదివారమంతయు తలయెత్తుకొని అన్నము తినెను. ఏడు కార్డులు పెద్దల్లుని వంతుకు వచ్చెను. ఆయన వానిని మడచిన తువ్వాలలో పెట్టుకొనెను.

మరునాటి ఉదయము తొలి బస్సుకు ఆనందం వెంకటిని లేపి వెంటబెట్టుకొని పోయి, రాజక్కను ముందు సీటున కూర్చుండబెట్టి, కండక్టరు ఎదుట మూడు వ్రేళ్ళు చూపి సిరిసిల్లకు మూడు టిక్కెట్లు తీసికొనెను. కథలాపూరు దాటిన పిమ్మట వెంకటి కిటికీనుండి తల తిప్పి, అడుగలేక అడిగెను.

“పెద్దబావా, మగ్గం మీద కూసుండక రెండేండ్లు దాటె. పోగులు తెంపుతనేమో.”

“తెంపు,” అనెను ఆనందం.