దుప్పటికి దెబ్బ తగలరాదు

వంతెన మీదుగా నీళ్లు పారిన వరద తర్వాత రెండో ఏడు, ప్రతి ప్రమాదానికీ ఒక అధికారి ఉండి తీరాలని ఊరి పెద్దలు తీర్మానించారు. (ఏ అధికారికీ ప్రమాదం ఉండరాదని అంతకుముందే తీర్మానించారు.)

ఆ ఏడే పక్షవాతం వచ్చి దర్జీకి కుడిచేయి పడిపోయింది. రోజూ ఉండేలు రబ్బరు లాగితే పట్టు తిరిగొస్తుందని, జాగుచేస్తే వేళ్లు కొయ్యబారతాయని వైద్యుడు చెప్పాడు. కత్తెర పట్టలేని దర్జీకి గుడ్డ ఎవడిస్తాడు? అందుకని పెరట్లో గురికి ఖాళీ డబ్బా కట్టి, దాని వెనక పాత దుప్పటి వదులుగా వేలాడదీశాడు. మట్టి ఉండ దుప్పటికి తగిలి, వెనక్కి ఎగరకుండా జారి కింద పడేది. కొన్నాళ్లకు చూపుడువేలు కదిలింది.

అంతలో అడ్డుల అధికారి వచ్చాడు.

"అనుమతి ఉందా తాతా?"

"అడ్డు పెట్టాను కదా బాబూ."

"అదే చిక్కు. అడ్డు పెట్టారంటే ప్రమాదం ఉందని ఒప్పుకున్నట్టే."

తనిఖీ పూర్తయ్యేదాకా ఉండేలు కార్యాలయంలో ఉంటుందని పట్టుకుపోయాడు. మళ్లీ వచ్చినప్పుడు దుప్పటి చుట్టూ తిరిగి మొహం చిట్లించాడు.

"దీనికి దెబ్బలు తగిలాయే."

"తగలడానికే కదా నాయనా కట్టింది," అంది దర్జీ భార్య.

"ఇప్పుడది దస్త్రానికెక్కిన దుప్పటి పెద్దమ్మా. ఇష్టమొచ్చినట్టు కొట్టడానికి వీల్లేదు."

దుప్పటికి రక్షణగా ముందు చెక్క నిలబెట్టారు. చెక్క చీలిపోకుండా పరుపు కట్టారు. పరుపు తడవకుండా రేకు వేశారు. రేకు ఎవరికీ గీసుకోకుండా చుట్టూ కంచె కట్టారు. (కంచెకు రంగు వేయడం వేరే శాఖ పని. అది ఇంకా ఆలోచిస్తోంది.)

"నా మొగుడి చెయ్యి కొయ్యబారిపోతోంది. ఆ ముసలాడి మీద లేని శ్రద్ధ ఈ పాత దుప్పటి మీద ఎందుకయ్యా?"

"ఆయన మా శాఖ కిందికి రారు పెద్దమ్మా."

ఒక్క ఉండ కూడా తగలనందున ఆ దుప్పటి ఆ ఏటి మేటి అడ్డుగా ఎంపికైంది. సభ పెట్టి, అడ్డు వైపు తప్ప ఎటైనా కొట్టుకోవచ్చన్న షరతు మీద ఉండేలు తిరిగిచ్చారు. దర్జీ అందుకోబోతే అది వేళ్లలోంచి జారి కింద పడింది. అది వినయమనుకుని అందరూ మెచ్చుకున్నారు.

మర్నాడు పొద్దున దర్జీ తన కత్తెర భార్య చేతికిచ్చి, పెరట్లో కంచె పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. దుప్పటికి కాపలా మనిషి కావలసి వచ్చాడు. చేతులతో పనిలేని ఉద్యోగం కనుక మొదటి హక్కు ఆయనదేనన్నారు.