ఈశాన్యంలో దేవుడు, ఇంట్లో చలి

అచ్యుత్‌కి ఈ లోకంలో శత్రువులంటూ ఎవరూ లేరు. తోడల్లుడు మాత్రం ఒకడున్నాడు.

ఆ తోడల్లుడు నరసింహ బ్రిస్బేన్ దగ్గర స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో ఉంటాడు. అక్కడ జులైలో కూడా జనం పొట్టిచేతుల చొక్కాలతో తిరుగుతారు. అచ్యుత్ ఇల్లు కాన్‌బెర్రాలో, గంగాలిన్‌లో. ఇక్కడ జులైలో కారు అద్దం మీద మంచు గీకితే గానీ ఆఫీసుకి బయల్దేరలేం. అత్తగారు కోటమ్మగారు తెనాలి నుంచి మొదటిసారి వచ్చి, మూడు నెలలూ పెద్దకూతురు లాస్య దగ్గరే ఉంటానన్నారు. నరసింహ రోజూ వీడియో కాల్ చేసి, "ఇక్కడ ఎండ కాస్తోంది అత్తయ్యగారూ" అని చూపిస్తుంటాడు. పెరట్లో అరటిచెట్టు కూడా కనబడేలా ఫోన్ పట్టుకుంటాడు.

అత్తగారు చలికి జడిసి అటు వెళ్ళిపోతే తన పరువేం కావాలన్నది అచ్యుత్ బెంగ. అందుకే ఆవిడ వచ్చిన రోజే, "దేవుణ్ణి స్టడీరూములో ప్రింటర్ పక్కన పెట్టారేం బాబూ?" అని అడగగానే అతనికి మహత్తరమైన ఆలోచన వచ్చింది.

ఫోన్‌లో దిక్సూచి తీసి ఇల్లంతా తిరిగాడు. హాల్లో ఈశాన్యం మూల దొరికింది. అక్కడ గోడకి బీరువా తలుపంత ఇనప జాలీ ఒకటి ఉంది. "ఇల్లు కట్టినవాడికి వాస్తూ తెలీదు, అందమూ తెలీదు" అని విసుక్కుని, దాని మీద ఎర్ర మఖమల్ గుడ్డ వేలాడదీసి, ముందు టేకు మందిరాన్ని ఆనించి పెట్టాడు.

ఆ సాయంత్రం అగరొత్తి వెలిగిస్తే వాసన బాత్‌రూములోకి కూడా వచ్చింది.

"ఈశాన్యం మహిమ అత్తయ్యగారూ" అన్నాడు అచ్యుత్. "ప్రింటర్ పక్కనున్నప్పుడు ఇలా ఎప్పుడూ రాలేదు."

"దీపం మాటిమాటికీ వెనక్కి వంగుతోంది బాబూ."

"దేవుడు అందుకుంటున్నాడన్నమాట."

మర్నాటి నుంచి గ్యాస్ హీటర్ పేచీ మొదలుపెట్టింది. నేలలోని జాలీల్లోంచి పది నిమిషాలు వెచ్చటి గాలి, ఆ తర్వాత చన్నీళ్ళు కుమ్మరించినట్టు చల్లగాలి, ఆ తర్వాత నిశ్శబ్దం. గోడ మీది చిన్న తెర మీద ఏదో అంకె వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. ఆపి మళ్ళీ వేస్తే ఇంకో పది నిమిషాలు.

"టెక్నీషియన్‌ని పిలుద్దాం" అంది లాస్య.

"వద్దు. గవర్నమెంట్ సిస్టమ్స్‌కే ట్రబుల్‌షూట్ చేసేవాణ్ణి నేను."

"ఆ సిస్టమ్ సోమవారం నుంచి డౌన్‌లో ఉందని పొద్దున మీరే అన్నారు."

"అది వేరే టీమ్ తప్పు."

అచ్యుత్ రంగంలోకి దిగాడు. గోడ మీది కంట్రోలర్‌కి బ్యాటరీలు మార్చాడు. హీటర్ పుస్తకం తెరిచి నేరుగా ఇరవయ్యో పేజీకి వెళ్ళాడు. మొదటి పేజీలు మామూలు జనానికి రాస్తారని అతని నమ్మకం. ఎప్పుడు ఆగిందో, ఎంతసేపు నడిచిందో, బయట ఎంత చలో అన్నీ ఎక్సెల్‌లో ఎక్కించి రంగురంగుల గ్రాఫ్ గీశాడు. గ్రాఫ్ చాలా బాగా వచ్చింది. ఇల్లు మాత్రం వేడెక్కలేదు.

శుక్రవారానికి కోటమ్మగారు రెండు స్వెట్టర్లు, ఒక శాలువా, అల్లుడి ఆఫీసు జాకెట్టు వేసుకుని కూర్చున్నారు. పదమూడేళ్ళ మనవరాలు లిఖిత దుప్పటి కప్పుకునే భోజనానికి వచ్చింది.

"డాడ్, జస్ట్ కాల్ సమ్‌వన్."

"డేటా కలెక్ట్ చేస్తున్నాను తల్లీ."

"అమ్మమ్మ ఈజ్ ఫ్రీజింగ్, డాడ్. పుట్ దట్ ఇన్ యువర్ డేటా."

కోటమ్మగారు చేతులు రుద్దుకుంటూ మెల్లగా అన్నారు. "నాలుగు రోజులు మా చిన్నమ్మాయి శ్రీలేఖ దగ్గరికి వెళ్ళొస్తాను బాబూ. పాపం నరసింహ ఆదివారానికి టిక్కెట్టు తీశాడట."

అచ్యుత్ మనసులోనే లెక్క కట్టాడు. నాలుగు రోజులంటే ఇక మూడు నెలలూ అక్కడే. అక్కడ అరటిచెట్టుంది. దాని కింద అత్తగారి ఫొటోలన్నీ తెనాలి వెళతాయి, పెళ్ళిళ్ళలో చేతులు మారతాయి.

"రేపటికల్లా బాగుచేస్తాను అత్తయ్యగారూ. ఇది నా మాట."

లాస్య వినీ విననట్టు ఫోన్ తీసి టెక్నీషియన్‌కి సోమవారం బుక్ చేసింది.

శనివారం పొద్దున్నే అచ్యుత్ కోతి టోపీ పెట్టుకుని పెరట్లో హీటర్ పెట్టె ముందు బైఠాయించాడు. దాని మూత విప్పడానికి లైసెన్స్ ఉన్నవాడే రావాలి, ఈ దేశంలో ఆ విషయంలో మొహమాటాల్లేవు. కాబట్టి విప్పకుండా ఎంత చేయొచ్చో అంతా చేశాడు. చుట్టూ ఎండుటాకులు ఊడ్చాడు. సందుల్లోంచి తొంగిచూశాడు. ప్లగ్ తీసి, ఊది, మళ్ళీ పెట్టాడు. వేళ్ళు కొంకర్లు పోయాయి. చివరికి ఎవరూ చూడటం లేదని నిర్ధారించుకుని పెట్టెకి ఒక దణ్ణం కూడా పెట్టాడు.

హీటర్ అందుకుంది. పది నిమిషాలైంది, ఆగలేదు. ఇరవై అయింది. అరగంట దాటినా పెట్టె గుర్రుమంటూనే ఉంది. అచ్యుత్ కళ్ళు చెమర్చాయి.

లోపలికి వచ్చేసరికి ఇల్లు కమ్మగా వెచ్చబడి ఉంది. కోటమ్మగారు ఒక్క స్వెట్టర్‌తో సోఫాలో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్నారు. పక్కన లాస్య, లిఖిత. ముగ్గురూ ఏమీ మాట్లాడలేదు. సంతోషంతో నోట మాట రావడం లేదనుకుని అచ్యుత్ నేరుగా నరసింహకి వీడియో కాల్ కలిపాడు.

"ఏం లేదు తమ్ముడూ, హీటర్ ఫిక్స్ చేశాను. ఇలాంటివాటికి రూట్ కాజ్ పట్టుకోవాలి. కంగారుపడి ఎవణ్ణో పిలిస్తే పని జరగదు. ఓపిగ్గా, ఒక పద్ధతి ప్రకారం..."

"గ్రేట్ అన్నయ్యగారూ. రూట్ కాజ్ ఏమిటి?"

"అది కొంచెం టెక్నికల్."

"సరే. మీ వెనక గోడకి ఆ జాలీ ఏమిటి? మొన్న అక్కడ దేవుడున్నాడుగా."

అచ్యుత్ వెనక్కి తిరిగాడు. మందిరం లేదు. మఖమల్ గుడ్డ మడతపెట్టి స్టూలు మీద ఉంది. ఇనప జాలీ దర్జాగా గాలి పీలుస్తోంది.

"అమ్మమ్మ ఫిక్స్‌డ్ ఇట్, డాడ్" అంది లిఖిత. "వైల్ యు వర్ స్వీపింగ్ లీవ్స్."

కోటమ్మగారు చిక్కుడుకాయ మీంచి చూపు తిప్పలేదు. "హీటర్ నడిస్తే దీపం వెనక్కి వంగుతోంది, ఆగితే నిటారుగా నిలబడుతోంది. నాలుగు రోజులు చూశాను బాబూ. ఇందాక గుడ్డ ఎత్తితే ఇంత జాలీ. పొయ్యికి గాలాడకపోతే ఎలా మండుతుంది?"

లాస్య హీటర్ పుస్తకం తీసి మొదటి పేజీ చదివింది. "ఇంట్లోంచి గాలి తీసుకునే జాలీకి ఏదీ అడ్డు పెట్టకూడదు. పెడితే హీటర్ లోపల వేడెక్కిపోయి తనంతట తానే ఆగిపోతుంది. ఇదండీ, మామూలు జనానికి రాసింది."

"మరి నాకు చెప్పొచ్చుగా" అన్నాడు అచ్యుత్ నీరసంగా.

"చలిలో అంత కష్టపడుతున్నారు, మధ్యలో చెబితే చిన్నబుచ్చుకుంటారని అమ్మ వద్దంది. మీరు దణ్ణం పెట్టేదాకా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాం."

ఫోన్‌లో నరసింహ నవ్వు ఆపుకోలేక దగ్గాడు. "అయితే అత్తయ్యగారూ, రేపు ఎయిర్‌పోర్టుకి వచ్చేస్తాను."

"రాలేను బాబూ, ఏమనుకోకు" అన్నారు కోటమ్మగారు. "మీకక్కడ ఎండ ఉంది, ఏ బాధా లేదు. ఇక్కడ అల్లుడుగారు అన్నీ స్వయంగా బాగుచేస్తారు. నేను కనిపెట్టుకుని ఉండకపోతే పిల్ల చలికి కొయ్యబారిపోతుంది."

అచ్యుత్ గెలిచాడు. అరటిచెట్టు ఓడిపోయింది. ఎలా గెలిచాడో మాత్రం ఎవరికీ చెప్పుకోలేడు. నరసింహ ఎలాగూ అందరికీ చెబుతాడు.

"దేవుణ్ణి మళ్ళీ ప్రింటర్ పక్కనే పెట్టాం" అన్నారు కోటమ్మగారు లేస్తూ. "ఆ గదిలోనైనా ఈశాన్యం ఎటో..."

అచ్యుత్ మొహం వెలిగిపోయింది. దిక్సూచి కోసం ఫోన్ మీద వేలు పెట్టాడు. లాస్య మెల్లగా అతని చేతిలోంచి ఫోన్ తీసుకుని, బదులుగా చిక్కుడుకాయల పళ్ళెం పెట్టింది.